తలకొరివికి నోచని చావులు: యూదు శిబిర సాహిత్యంపై ఒక పరిశీలన

తెలుగులో 'శిబిరం' అనే మాటకు ఈనాడు భయం గొలిపే అర్థం ఏదీ లేదు. కంటి వైద్య శిబిరం, రక్తదాన శిబిరం, వేసవి శిక్షణ శిబిరం అని రోజూ వాడుతున్నాం. పాత కావ్యాల్లో అది సేనలు విడిసిన చోటు. నాజీలు 1933 నుంచి 1945 వరకు నడిపిన 'కాన్సంట్రేషన్ క్యాంపు'లను మన పత్రికలవారు 'నిర్బంధ శిబిరాలు' అన్నారు. అనువాదం తప్పు కాదు. కాని ఆ మాట వినగానే తెలుగు పాఠకుడి మనసులో మెదిలేది మహా అయితే జైలు. జైలుకు మనిషి ఒంటరిగా పోతాడు, ఏదో చేసి పోతాడు, లేదా చేశాడన్న ఆరోపణ మీద పోతాడు. ఇల్లు బయట ఉంటుంది. భార్య ములాఖాత్‌కు వస్తుంది, ఉత్తరం రాస్తుంది. యూదులు 1942 తర్వాత రైలు పెట్టెల్లో వెళ్ళిన చోటికి ఇల్లు ఇల్లంతా కలిసి వెళ్ళింది. అవ్వా తాతా, చంకలో బిడ్డ, ఏడేళ్ళ చెల్లెలు అందరూ వెళ్ళారు. వారు చేసిన పని ఏదీ లేదు. ఫలానా తల్లికి పుట్టడమే నేరం. ఈ ఒక్క తేడాను మనసులో పెట్టుకోకపోతే ఆ శిబిరాల నుంచి వచ్చిన సాహిత్యం మనకు తప్పుగా అర్థమవుతుంది.

ఇంకొక తేడా కూడా చెప్పుకోవాలి. 1933 మార్చిలో తెరిచిన దహావు వంటివి మొదట రాజకీయ ప్రత్యర్థులను అణచడానికి పెట్టినవి. బెల్జెట్స్, సోబిబోర్, ట్రెబ్లింకా వంటివి కేవలం చంపడానికే కట్టినవి. బెల్జెట్స్‌లో 4 లక్షల మందికి పైగా చనిపోయారు; బయటపడి సాక్ష్యం చెప్పినవారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆష్‌విట్జ్ రెండూ కలిసిన చోటు. అక్కడికి సుమారు 13 లక్షల మందిని చేర్చారు, 11 లక్షల మంది చనిపోయారు, వారిలో దాదాపు 10 లక్షల మంది యూదులు. రైలు దిగగానే పనికి వచ్చేవారిని ఒక పక్కకు, మిగిలినవారిని విషవాయువు గదులకు పంపేవారు. మనం చదివే పుస్తకాలన్నీ ఆ మొదటి పక్కకు వెళ్ళినవారు రాసినవే. రెండో పక్కకు వెళ్ళినవారి పుస్తకం లేదు, ఉండదు.

హెబ్బగోడి, బొమ్మసంద్ర ప్రాంతాల్లో పగలు ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు తెలుగు చదువుకుంటున్న మన విద్యార్థులతో ఈ పుస్తకాలను గురించి మాట్లాడినప్పుడు రెండు రకాల స్పందనలు కనిపించాయి. దేవుణ్ణి నమ్మినవాళ్ళే అంతటి కష్టంలో తట్టుకుని నిలబడ్డారు అని కొందరు. అక్కడ దేవుడు అబద్ధమని తేలిపోయింది కదా, ఇక ఆ ప్రార్థనల గొడవ ఎందుకు అని మరికొందరు. ఈ రెండు అభిప్రాయాలూ పుస్తకం చదవకముందే మనలో ఉన్నవి. పుస్తకాన్ని వాటికి సాక్ష్యంగా పిలుస్తున్నాం, అంతే. (ఒక విద్యార్థి ఖైదీల చేతి మీది పచ్చబొట్టు సంఖ్యను తన కర్మాగారపు హాజరు సంఖ్యతో పోల్చాడు. ఆవేశంలో అన్న మాటే గాని, ఇటువంటి పోలికలు చేయకూడదు. జీతమిచ్చే సంఖ్య వేరు, పేరు తీసేసే సంఖ్య వేరు.) ఆ పుస్తకాలు నిజంగా ఏం చెబుతున్నాయో, దైవం, కుటుంబం, బతకడం అనే మూడూ వాటిలో ఎలా ముడిపడ్డాయో చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ప్రీమో లేవి. ఇటలీలోని టురిన్ నగరానికి చెందిన రసాయన శాస్త్రజ్ఞుడు. 1943 డిసెంబరులో పట్టుబడ్డాడు, 1944 ఫిబ్రవరిలో ఫొస్సోలి అనే చోటి నుంచి ఆష్‌విట్జ్‌కు తరలించారు. అతని సంఖ్య 174517. 'ఇతడూ మనిషేనా' అని మనం చెప్పుకోగల పేరుతో అతని పుస్తకం 1947లో 2,500 ప్రతులతో ఒక చిన్న ప్రచురణ సంస్థ ద్వారా వెలువడింది. అంతకుముందు ఐనావుది అనే పెద్ద సంస్థ దాన్ని తిరస్కరించింది. అదే సంస్థ 1958లో మళ్ళీ అచ్చువేసింది. ఈ పుస్తకంలో అందరూ శిబిరంలోని ఘట్టాలనే ఉదాహరిస్తారు. నా దృష్టిలో పుస్తకానికి తాళంచెవి ప్రయాణానికి ముందటి రాత్రి. మర్నాడు తీసుకుపోతారని అందరికీ తెలిసిపోయింది. కొందరు ప్రార్థన చేశారు, కొందరు తాగారు. తల్లులు మాత్రం రాత్రంతా మేలుకుని ప్రయాణానికి తిండి వండారు, పిల్లలకు నీళ్ళు పోశారు, మూటలు కట్టారు. తెల్లవారేసరికి ముళ్ళతీగ నిండా ఆరేసిన పిల్లల బట్టలు. ఇది చెప్పి లేవి పాఠకుడి వైపు తిరిగి, రేపు నిన్నూ నీ బిడ్డనూ చంపుతారని తెలిస్తే ఈ పూట వాడికి అన్నం పెట్టవా అని అడుగుతాడు. అక్కడ జవాబు లేదు, జవాబు అవసరమూ లేదు.

ఆ బండిలో ఎమీలియా అనే మూడేళ్ళ పాప ఉంది. దారిలో తల్లిదండ్రులు ఇంజను నడిపేవాణ్ణి బతిమాలి గోరువెచ్చని నీళ్ళు సంపాదించి, రేకు తొట్టిలో ఆ పాపకు స్నానం చేయించారు. ఆష్‌విట్జ్‌లో దిగిన రాత్రే పాప చనిపోయింది. లేవి ఉన్న పెట్టెలో 45 మంది. నలుగురే తిరిగి ఇల్లు చూశారు, అదీ అన్నిటికన్నా అదృష్టం ఎక్కువున్న పెట్టె అంటాడు. లేవి శైలిని 'శాస్త్రీయం', 'నిర్లిప్తం' అని విమర్శకులు మెచ్చుకుంటూ ఉంటారు. ఆ తొట్టి స్నానం చదివాక నిర్లిప్తత అనే మాట వాడటానికి మనసొప్పదు. చెప్పేవాడు గొంతు పెంచడు, అంతవరకే నిజం.

ఇక ఎలీ వీజెల్. 'రాత్రి' అనే చిన్న పుస్తకం. 1928లో సిఘెట్ అనే ఊళ్ళో పుట్టిన ఈ కుర్రాడు తాల్ముద్ చదువుతూ, గుళ్ళో ఏడుస్తూ ప్రార్థన చేసే భక్తుడు. 1944 మే 15 నుంచి జూలై 9 దాకా, ఎనిమిది వారాల్లో, హంగరీ నుంచి 4,37,000 మందికి పైగా యూదులను తరలించారు. వారిలో ఇతని కుటుంబం ఒకటి. ఈ అనుభవాన్ని వీజెల్ మొదట యిడ్డిష్ భాషలో రాశాడు. 1956లో బ్యూనస్ ఎయిర్స్‌లో అచ్చయింది, 245 పుటలు. 1958లో ఫ్రెంచిలో బాగా కుదించి, ఫ్రాన్స్వా మోరియాక్ పీఠికతో ప్రచురించారు. 1960లో ఇంగ్లీషులోకి వచ్చింది. మనం చదివేది ఆ కుదింపునకు అనువాదం. ఇది పాఠకుడు గుర్తుంచుకోవలసిన సంగతి, ఎందుకంటే పుస్తకం బలమంతా ఏం వదిలేశాడన్న దానిలో ఉంది. తల్లి, ఏడేళ్ళ చెల్లెలు సిపోరా ఒక పక్కకు నడిచిపోతున్నారు. తల్లి చెల్లెలి జుట్టు నిమురుతూ ఉంది. అంతే. వారిని మళ్ళీ చూడలేదని ఒక్క ముక్కలో చెప్పి ముందుకు పోతాడు. ఎవరో తోటి ఖైదీ చెప్పగా 15 ఏళ్ళ కొడుకు 18 అని, 50 ఏళ్ళ తండ్రి 40 అని అబద్ధమాడతారు. తండ్రీ కొడుకుల మధ్య దూరాన్ని 13 ఏళ్ళు తగ్గించుకుంటే తప్ప ఇద్దరూ కలిసి ఉండే వీలు లేని చోటు అది.

'రాత్రి'లో దేవుణ్ణి గురించిన వాక్యాలనే అందరూ ఎత్తి చూపుతారు. అవి పదునైనవే. కాని కథ నడిచేది తండ్రి మీద. ఈ కొడుకు దేవుడితో తగవు పడ్డ ప్రతిచోటా పక్కన తండ్రి ఉన్నాడు. యూదుల సంవత్సరాది నాడు వేలమంది ఖైదీలు కలిసి ప్రార్థన చేస్తుంటే ఇతను దోషిని నిలదీసే ఫిర్యాదిలా విడిగా నిలబడతాడు. ప్రార్థన ముగియగానే తండ్రిని వెతుక్కుంటూ పోయి చేతిని ముద్దు పెట్టుకుంటాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోరు. ప్రాయశ్చిత్త దినాన ఉపవాసం ఉండాలి. తండ్రి వద్దన్నాడు కాబట్టి ఉండలేదు, ఉండవలసిన కారణమూ కనిపించలేదు, పైగా ఆ గంజి మింగడం దేవుడి మీద తిరుగుబాటు అనుకున్నాడు. మింగాక మాత్రం గుండెలో ఏదో వెలితి. తండ్రి ఆజ్ఞ, ఆకలి, తిరుగుబాటు, వెలితి నాలుగూ ఒక్క గిన్నెలో ఉన్నాయి. దీన్ని నాస్తికత్వం అని ఒక్కమాటలో తేల్చేవారు ఆ చివరి వెలితిని చదవలేదు.

1945 జనవరిలో రష్యన్ సేనలు దగ్గర పడటంతో ఖైదీలను మంచులో పరుగెత్తించారు. ఆ దారిలో రబ్బీ ఎలియాహు అనే ముసలాయన తప్పిపోయిన కొడుకును వెతుక్కుంటూ వస్తాడు. చూడలేదని చెప్పాక మన కథకుడికి గుర్తుకు వస్తుంది: తండ్రి వెనకబడటం చూసి కూడా ఆ కొడుకు ముందుకు పరుగెత్తాడు. భారం వదిలించుకోవడానికి. అప్పుడు వీజెల్, తాను ఇక నమ్మని దేవుడికే ఒక మొక్కు మొక్కుతాడు. ఆ కొడుకు చేసిన పని తాను ఎన్నడూ చేయకుండా బలం ఇమ్మని. పుస్తకం మొత్తానికి ఇదే ఆయువుపట్టు. దైవం లేదనుకున్నవాడికి కూడా తండ్రిని వదలకుండా ఉండటానికి ఎవరినో ఒకరిని అడగవలసి వచ్చింది. ఆ తర్వాత బుఖెన్‌వాల్డ్‌కు పోయే రైలులో ఒక కొడుకు రొట్టెముక్క కోసం తండ్రిని చంపడం చూస్తాడు. బుఖెన్‌వాల్డ్‌లో తండ్రి విరేచనాలతో మంచాన పడతాడు. నీ రొట్టె నువ్వు తిను, ముసలాయన వాటా కూడా తీసుకో అని బారకు పెద్ద హితవు చెబుతాడు. ఆ మాట నిజమే కదా అని ఒక్క క్షణం అనిపించిందని వీజెల్ దాచకుండా రాశాడు. జనవరి 28 రాత్రి తండ్రి తన పేరు పెట్టి పిలుస్తుంటే దెబ్బలకు భయపడి పలకలేదు. 29 తెల్లవారి చూస్తే ఆ చోట వేరే రోగి ఉన్నాడు. కన్నీరు రాలేదు. మనసు అడుగున వెతికితే విడుదల పొందిన భావం వంటిది దొరికేదేమోనని కూడా రాశాడు. తండ్రి సమాధి మీద ప్రార్థన లేదు, దీపం లేదు. 1945 ఏప్రిల్ 11న శిబిరం విముక్తమైంది.

ఇక్కడ అనువాదకుడికి ఒక చిక్కు ఉంది. యూదులలో తండ్రి పోతే కొడుకు పదకొండు నెలలు 'కద్దీష్' అనే ప్రార్థన చెప్పాలి. పదిమంది మగవాళ్ళు కూడితేనే చెప్పాలి. మనకు తలకొరివి, కర్మకాండ, తద్దినం ఉన్నాయి కాబట్టి ఈ బాధ్యత తెలుగు పాఠకుడికి వెంటనే అర్థమవుతుంది. కొడుకు చేతి కొరివికి నోచుకోలేదు అనే మాటలో మన ఊళ్ళలో ఎంత దుఃఖం ఉంటుందో తెలిసినవాడికి వీజెల్ అపరాధభావాన్ని వేరే వివరించనక్కరలేదు. కాని కద్దీష్‌ను 'మృతుల ప్రార్థన' అనో 'పితృకర్మ' అనో అనువదిస్తే అసలు విషయం జారిపోతుంది. ఆ ప్రార్థనలో చావు మాటే లేదు. పోయినవారి పేరు లేదు. దేవుడి నామం ఘనమగుగాక అనే స్తుతి మాత్రమే ఉంది. అందుకే ఆష్‌విట్జ్‌లో మొదటి రాత్రి, మంటలు కనిపిస్తుండగా, మగవాళ్ళు తమ చావుకు తామే కద్దీష్ చెప్పుకుంటుంటే, తండ్రి కూడా గొణుగుతుంటే కుర్రాడికి మొదటిసారి కోపం వస్తుంది. ఎందుకు స్తుతించాలి? పితృకర్మ మీద ఎవరికీ కోపం రాదు. ఆ చోట స్తుతి చేయవలసి రావడం మీద వచ్చింది కోపం. కాబట్టి మాటను మాటగానే ఉంచి, అర్థాన్ని కథలోనే ఒక వాక్యంలో చెప్పడం మేలని నా అభిప్రాయం.

ఆ కోపాన్ని అర్థం చేసుకోవడానికి మనవాళ్ళు సాధారణంగా హరిశ్చంద్రుణ్ణి తలచుకుంటారు. ఆలిని అమ్ముకోవడం, కొడుకు శవం, కాటిసీను అన్నీ ఉన్నాయి కదా అని. పోలిక కుదరదు. హరిశ్చంద్రుడిది పరీక్ష, చివరికి దేవతలు దిగివస్తారు, లోహితాస్యుడు లేస్తాడు. బైబిలులోని యోబు కథలోనూ పోయిన సంపద తిరిగి వస్తుంది. దీనికన్నా దగ్గరగా వచ్చేవాడు రామదాసు. గోల్కొండ చెరలో ఉండి కంచర్ల గోపన్న రాముణ్ణి లెక్క అడిగాడు. చేయించిన నగలన్నీ ఏకరువు పెట్టి, నీ తండ్రి ఇచ్చాడా అన్నంత పని చేశాడు. మన సంప్రదాయం దాన్ని దైవదూషణ అనుకోలేదు, నిందాస్తుతి అని గౌరవించింది. యూదుల్లోనూ అబ్రహాము నుంచి దేవుణ్ణి నిలదీసే సంప్రదాయం ఉంది. శిబిరంలో ముగ్గురు పండితులు దేవుడి మీద విచారణ జరపడం కళ్ళారా చూశానని వీజెల్ చెప్పాడు. దోషి అని తేల్చి, ఆ వెంటనే ప్రార్థనకు లేచారట. దాని ఆధారంగానే 1979లో 'దేవుడి విచారణ' అనే నాటకం రాశాడు. తగవు ఇంటివాడితోనే పడతాం, పరాయివాడితో పడం. కాకపోతే తానీషాకు పైకం కట్టడానికి రాముడు వచ్చాడని మన కథ. వీజెల్ కథలో ఎవరూ రాలేదు.

లేవి తీరు వేరు. అతనికి మొదటి నుంచీ నమ్మకం లేదు. శిబిరంలో ఎంపిక జరిగి, విషవాయువుకు పోవలసినవారి చీటీలు వేరు చేశాక, కూన్ అనే ముసలాయన మంచం మీద ఊగుతూ తనను వదిలినందుకు దేవుడికి కృతజ్ఞతలు చెబుతుంటాడు. పక్క మంచం మీద 20 ఏళ్ళ గ్రీకు కుర్రాడు దీపం కేసి చూస్తూ పడుకున్నాడు. ఎల్లుండి పోతున్నానని వాడికి తెలుసు. తానే దేవుడినైతే ఆ ప్రార్థనను ఛీకొట్టేవాణ్ణని లేవి రాశాడు. ఇంత కోపం అతని పుస్తకంలో మరెక్కడా లేదు. అయితే ఇది కేవలం నాస్తికుడి మాట కాదు. అది ఒక నైతిక అభ్యంతరం: పక్కవాడి చావు మీద నిలబడి చేసే స్తుతి స్తుతి కాదు. 1986లో రాసిన చివరి పుస్తకంలో లేవి ఇంకొక మాట చెప్పాడు. 1944 అక్టోబరులో తానే బట్టల్లేకుండా ఎంపిక వరుసలో నిలబడినప్పుడు ఒక్క క్షణం ప్రార్థించాలని అనిపించిందట. ఓడిపోతున్నప్పుడు ఆట నియమాలు మార్చకూడదు అనుకుని ఊరుకున్నాడట. నమ్మినవాడు కోల్పోయిన నమ్మకాన్ని గౌరవించడం, నమ్మనివాడు తన అపనమ్మకానికి నమ్మకంగా ఉండటం, ఈ రెండూ ఒకే మర్యాదకు చెందినవి.

కాని నమ్మకం వదలనివారు కూడా ఉన్నారు, వారి సాక్ష్యాలు మన తరగతుల్లోకి రావు. రబ్బీ త్స్వీ హిర్ష్ మైసెల్స్ రాసిన ఘట్టం ఒకటి తప్పక చెప్పుకోవాలి. 1944 యూదు సంవత్సరాది వేళ ఆష్‌విట్జ్‌లో వందలాది కుర్రాళ్ళను చంపడానికి ఒక బారకులో బంధించారు. కాపలాదార్లకు లంచమిచ్చి తన బిడ్డను విడిపించుకునే అవకాశం కొందరు తండ్రులకు దొరికింది. అయితే లెక్క సరిపోవాలి. ఒకణ్ణి వదిలితే మరొకణ్ణి పట్టి లోపల వేస్తారు. ఒక తండ్రి రబ్బీ దగ్గరికి వచ్చి, ఒక్కగానొక్క కొడుకు, విడిపించుకోవచ్చునా, శాస్త్రం ఏమంటుందో చెప్పండి, మీరు ఎలా చెబితే అలా చేస్తాను అన్నాడు. గ్రంథాలు లేవు, సంప్రదించడానికి తోటి పండితులు లేరు, నేను చెప్పలేను అని రబ్బీ ప్రాధేయపడ్డాడు. తండ్రి ఎంత బతిమాలినా చెప్పలేదు. మీరు చేయవచ్చు అని చెప్పలేదంటే శాస్త్రం ఒప్పుకోదనే నాకు అర్థం అని చెప్పి ఆ తండ్రి వెళ్ళిపోయాడు. కొడుకును విడిపించుకోలేదు. ఆ రోజంతా, అబ్రహాము ఇస్సాకును బలి ఇవ్వబోయిన పుణ్యం వంటిది తనకు దక్కిందని తనలో తాను చెప్పుకుంటూ తిరిగాడట.

దీన్ని చదివి ఆ తండ్రిని మహానుభావుడు అనాలా, మూర్ఖుడు అనాలా? విద్యార్థులు రెండూ అన్నారు. నాకు ముఖ్యంగా తోచింది రబ్బీ మౌనం. మొత్తం శాస్త్రం తెలిసినవాడు ఆ ప్రశ్న ముందు శాస్త్రాన్ని వాడటానికి ఒప్పుకోలేదు. ఆ తండ్రి మాత్రం, మనుషులను సంఖ్యలుగా మార్చిపెట్టుకునే చోట, తన బిడ్డ ప్రాణానికి మరొకరి బిడ్డ ప్రాణం లెక్క కాదన్నాడు. దైవం, కుటుంబం, బతకడం మూడూ ఒకదానితో ఒకటి ఇంత కఠినంగా ఢీకొన్న ఘట్టం నేను మరొకటి చదవలేదు. విశ్వాసం ఇక్కడ ఎవరినీ రక్షించలేదు. వదిలిపోనూ లేదు.

విక్టర్ ఫ్రాంకల్ సంగతి కొంచెం వేరుగా చెప్పాలి. వియన్నా వైద్యుడు. 1946లో వచ్చిన ఆయన పుస్తకం మన బెంగుళూరు పుస్తకాల షాపుల్లో వ్యక్తిత్వ వికాసం అరలో, ఇంటర్వ్యూలో గెలవడం ఎలా వంటి వాటి పక్కన దొరుకుతుంది. బతుక్కి ఒక అర్థం ఉన్నవాడు ఎంతటి బాధనైనా తట్టుకోగలడని ఆయన చెప్పాడు. ఆ మాటను అమ్మకందార్లు, అర్థం ఉన్నవాడే బతికాడు అని తిప్పారు. ఈ తిప్పడం చాలా ప్రమాదకరం. అలాగైతే ఎమీలియా బతుక్కి అర్థం లేదా? ముళ్ళతీగ మీద బట్టలారేసిన తల్లులకు సంకల్పబలం చాలలేదా? ఇది చచ్చిపోయినవారి మీద నేరం మోపడం. తమలో ఉత్తములు తిరిగి రాలేదని ఫ్రాంకల్ స్వయంగా తన పుస్తకం మొదట్లోనే రాశాడు. వికాసం కోసం చదివేవారు ఆ వాక్యాన్ని దాటేస్తారు. అయితే దోషమంతా పాఠకులదే అనడానికీ లేదు. లారెన్స్ లాంగర్ అనే విమర్శకుడు 1982లోనే ఆక్షేపించినట్టు, ఫ్రాంకల్ పుస్తకంలో బాధ చాలా త్వరగా పాఠమైపోతుంది. లేవి పుస్తకంలో అలా కాదు. అక్కడ బతకడానికి కారణాలు వెతికితే దొరికేవి జర్మన్ భాష కాస్త రావడం, రసాయన ప్రయోగశాలలో పని, ఆరు నెలలపాటు గంజి తెచ్చిపెట్టిన లొరెన్జో అనే ఇటలీ తాపీమేస్త్రీ, సరిగ్గా సమయానికి వచ్చిన జ్వరం. అది అదృష్టం తప్ప యోగ్యత కాదని లేవి చివరిదాకా వాదించాడు.

ఫ్రాంకల్ జీవితంలో ఆయన సిద్ధాంతం కన్నా గొప్ప సంగతి ఒకటి ఉంది. ఆయనకు అమెరికా వీసా వచ్చింది. వెళితే ముసలి తల్లిదండ్రులు ఒంటరివారవుతారు. ఆ సందిగ్ధంలో ఇంటికి వచ్చేసరికి తండ్రి, నాజీలు కూల్చిన ప్రార్థనాలయం శిథిలాల నుంచి ఒక పాలరాతి ముక్క తెచ్చి బల్ల మీద పెట్టి ఉన్నాడు. దాని మీద ఒక హీబ్రూ అక్షరం. నీ తండ్రిని తల్లిని సన్మానింపుము అనే ఆజ్ఞలోనిది. ఫ్రాంకల్ వీసాను వదులుకున్నాడు. 1942లో అందరినీ థెరీసియన్‌స్టాట్‌కు పంపారు. తండ్రి 1943లో అక్కడే పోయాడు. తల్లి ఆష్‌విట్జ్‌లో, భార్య టిల్లీ బెర్గెన్-బెల్సెన్‌లో పోయారు. ఆ నిర్ణయం తండ్రిని బతికించలేదు, కాని తండ్రి పోయేటప్పుడు కొడుకు దగ్గరున్నాడు. వీజెల్‌కు దక్కనిది అదే.

ఇంతవరకూ తండ్రులూ కొడుకులే. తల్లీ కూతుళ్ళ మాట ఏమిటి? మనకు బాగా తెలిసిన పేరు ఆన్ ఫ్రాంక్. ఆ డైరీ శిబిరానికి ముందే, 1944 ఆగస్టు 1న, ఆగిపోతుంది. డైరీలో తల్లితో పడని ఆ పిల్ల, ఆష్‌విట్జ్‌లో తల్లినీ అక్కనూ అంటిపెట్టుకునే ఉందని చూసినవారు చెప్పారు. తల్లి 1945 జనవరిలో పోయింది, అక్కచెల్లెళ్ళు బెర్గెన్-బెల్సెన్‌లో పోయారు. ఆ రెండో భాగం రాసేవారు లేకపోయారు. ఆ లోటును కొంతవరకు తీర్చేది రూత్ క్లూగర్ పుస్తకం. 1931లో వియన్నాలో పుట్టి, తల్లితో పాటు ఆష్‌విట్జ్ చేరిన ఈమె తన కథను 1992లో జర్మన్ భాషలో రాసింది. మొదటి రాత్రే తల్లి, కరెంటు తీగ దగ్గరికి పోయి ఇద్దరం చచ్చిపోదామా అని కూతుర్ని అడిగింది. కూతురు వద్దంది. ఆ తల్లే కొద్దిరోజులకు, 15 ఏళ్ళు నిండినవారిని పనికి ఎంచుతుంటే, 12 ఏళ్ళ కూతుర్ని రెండోసారి వరుసలో నిలబెట్టింది. రాసుకునే గుమాస్తా పిల్ల, ఆమే ఒక ఖైదీ, దగ్గరికి వచ్చి 15 అని చెప్పు అని చెవిలో చెప్పింది. ఎవరో ముక్కూ మొహం తెలియని పిల్ల, ఏ లాభమూ లేకుండా చేసిన పని. క్లూగర్ దాన్ని ఒక స్వేచ్ఛాకార్యం అంది.

తల్లి శిబిరంలో ఒక అనాథ పిల్లను కూడా కూతురుగా చేర్చుకుంది. అంతటి తల్లి. అయినా ఆ తల్లితో క్లూగర్‌కు జీవితాంతం పడలేదు, ఆ సంగతి నిర్మొహమాటంగా రాసింది. తల్లి 2000లో చనిపోయాక గాని ఇంగ్లీషు పుస్తకాన్ని బయటికి రానివ్వలేదు. కష్టం మనుషులను దగ్గర చేస్తుందన్న మన నమ్మకాన్ని ఈ పుస్తకం కాస్త కదిలిస్తుంది. శిబిరం ఆ తల్లీ కూతుళ్ళను విడదీయలేదు, కలపనూ లేదు. అంతకుముందు ఉన్న తగవులతోనే బయటికి పంపింది.

తెలుగు సాహిత్యంలో వీటితో పోల్చదగినవి ఏమున్నాయని విద్యార్థులు అడుగుతారు. నిజాం జైళ్ళ నుంచి వచ్చిన రచనలు ముందుగా గుర్తుకు వస్తాయి. దాశరథి నిజామాబాదు జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశాడు. అదే కాలంలో జైళ్ళు చూసిన వట్టికోట ఆళ్వారుస్వామి 'జైలు లోపల' కథలు 1952లో పుస్తకంగా వచ్చాయి. అవి గొప్పవి. కాని వాటిలో మనిషి తాను నమ్మిన పని కోసం లోపలికి వెళ్ళాడు. గోడ మీద రాసిన పద్యం బయట ఉన్న ప్రజల కోసం. ధిక్కారానికి అక్కడ వినేవాళ్ళున్నారు. యూదు శిబిర సాహిత్యంలో ధిక్కారం దాదాపు లేదు, దానికి ఆస్కారమే లేదు. బెంగుళూరు జాలహళ్ళిలో రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిషువారు పెట్టిన ఇటలీ సైనికుల బందీ శిబిరాన్ని కూడా ఈ కోవలో చేర్చకూడదు. అది యుద్ధఖైదీల శిబిరం, దానికి అంతర్జాతీయ నియమాలున్నాయి.

మనవారికి దగ్గరగా వచ్చేది వేరొకటి ఉంది. 1942-43లో జపాన్ సైన్యం సయాం నుంచి బర్మాకు 415 కిలోమీటర్ల రైలుమార్గం వేయించింది. 60 వేల మందికి పైగా మిత్రదేశాల యుద్ధఖైదీలతో పాటు దాదాపు 2 లక్షల మంది ఆసియా కూలీలు పనిచేశారు. మలయా రబ్బరు తోటల నుంచి ఆశచూపీ, బలవంతంగానూ తరలించిన తమిళులూ తెలుగువారూ వారిలో ఉన్నారు. కొందరు ఆలుబిడ్డలతో సహా వెళ్ళారు. 1943లో అడవిలో కలరా వచ్చింది. ఖైదీలు 12 వేలకు పైగా చనిపోతే, ఆసియా కూలీలు 90 వేల వరకు చనిపోయి ఉంటారని చరిత్రకారుల అంచనా. ఇది యూదుల సంహారం వంటిది కాదు. జపాన్‌వారికి కూలీలను చంపడం లక్ష్యం కాదు, వాళ్ళు చచ్చినా లెక్కలేదు, అంతే. కాని ఇల్లంతా కలిసి చావుచోటికి వెళ్ళడం అన్న ఒక్క విషయంలో రెండూ ఒకచోట కలుస్తాయి. ఖైదీలలో అధికారులు డైరీలు రాశారు, వైద్యులు గ్రంథాలు రాశారు. 1952లో ఫ్రెంచి నవల, 1957లో ఇంగ్లీషు సినిమా వచ్చాయి. ఆ సినిమాలో వంతెన మీద విజిల్ వేసేది ఇంగ్లీషు సైనికులే. లేవి రసాయనవేత్త, ఫ్రాంకల్ వైద్యుడు, వీజెల్ తాల్ముద్ విద్యార్థి, అందుకే వారి చేతుల్లో పుస్తకాలు వచ్చాయి. రబ్బరు తోట కూలీకి సంతకం రాదు.

కాంచనబురిలో ఖైదీల సమాధులు ఒక్కొక్కరి పేరుతో, వయసుతో, వరసలుగా ఉన్నాయి. చాలామంది కూలీలకు గుర్తులేని గోతులే మిగిలాయి. యూదుల్లో ఎవరు ఏనాడు చనిపోయారో తెలియని లక్షలమంది కోసం ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీల పీఠం టేవేతు మాసం 10వ రోజును నిర్ణయించింది. ఆ రోజు ఎవరైనా కద్దీష్ చెప్పవచ్చు. తిథి తెలియనివారికి మన ఇళ్ళలో మహాలయ అమావాస్య నాడు తర్పణం వదులుతారు.